మడత విప్పడానికి అమెరికా వెళ్ళాను

అమెరికా వెళ్ళొచ్చినవాళ్ళందరూ నయాగరా గురించి చెబుతారు. నేను నయాగరా చూడలేదు. నేను వెళ్ళింది ఒక కాగితం మడత చూడ్డానికి. వీసా ఆఫీసులో గాజు కిటికీ అవతలి ఆవిడ ఎందుకు వెళ్తున్నారని అడిగితే అదే చెప్పాను. ఆవిడ నా ముఖం వంకా, అరిగిపోయిన నా బొటనవేలి గోరు వంకా చూసి వీసా ఇచ్చేసింది. నిజం చెబితే పనవుతుందనడానికి నా బతుకులో ఇది రెండో నిదర్శనం. మొదటిదేమిటో ఇప్పుడు గుర్తులేదు.

నాది బైండింగ్ పని. రాజమండ్రిలో ఒక ప్రెస్సులో ముప్పై నాలుగేళ్ళు ఫారాలు మడిచాను. ఫారం అంటే అచ్చయి వచ్చిన పెద్ద కాగితం. దాని మీద పేజీలు వరసగా ఉండవు, కొన్ని తలకిందులుగా కూడా ఉంటాయి. మడత పెట్టాక వరస కుదురుతుంది, అంచు కోశాక పుస్తకం విచ్చుకుంటుంది. రాసినవాళ్ళకి దండలు వేస్తారు, మడిచినవాళ్ళని ఎవరూ అడగరు. అయినా మడత తప్పితే ఎంత గొప్ప గ్రంథమైనా పిచ్చివాడి మాటల్లా ఉంటుందని మాకు తెలుసు.

మా పుట్టిల్లు విశాఖ మన్యం అంచున ఒక పల్లె. తాతల కాలంలో తెల్లదొరల అడవి చట్టాల మీద, వెట్టిచాకిరీ మీద కొండ జనం తిరగబడితే మా ఊరివాళ్ళు వాళ్ళకి తిండి మోశారు, కబుర్లు మోశారు. ఎవరో పట్టిచ్చారు. కొందరు కాల్పుల్లో పోయారు, మిగిలినవాళ్ళు జైళ్ళకి పోయారు. మా నాన్నకి నాన్న సింహాద్రి టపా మోసేవాడు. ఆయన్నీ పట్టుకుపోయారు కానీ పదకొండో రోజున వదిలేశారు. అందరూ జైలుకి పోతే వీడొక్కడే ఎలా తిరిగొచ్చాడని ఊరు లెక్క వేసుకుంది. ఆయన ఎవరికీ జవాబు చెప్పలేదు. ఆ తరవాత ఎడమ చేత్తో తినేవాడట, దానికీ నవ్వారు.

ఏటా మా ఊళ్ళో ఆ పోరాటం గుర్తుగా కట్టిన స్తూపం దగ్గర పండగ చేస్తారు. వీధి వీధికీ డప్పు కొట్టుకుంటూ వారసుల కుటుంబాలని పిలుస్తారు. మా ఇంటి ముందుకి వచ్చేసరికి డప్పు ఆపేసి నడుస్తారు. పక్కింటి గుమ్మం దగ్గర మళ్ళీ మొదలెడతారు. చిన్నప్పుడు నేను ఆ చప్పుడు లేని పది అడుగులూ లెక్కపెట్టేదాన్ని. బడిలో నన్ను "పట్టిచ్చినవాడి మనవరాలు" అనేవారు.

ఆ పోరాటం రోజుల్లోనే దొంగచాటుగా ఒక చిన్న పుస్తకం అచ్చయిందని, అందులో ఎవరేం చేశారో పేర్లతో సహా ఉందని మా వైపు చెప్పుకునేవారు. ఎవరూ చూడలేదు. నాలుగేళ్ళ కిందట మా అక్క కూతురు స్వాతి, జెర్సీ సిటీలో ఉంటుంది, దాన్ని ఇంటర్నెట్‌లో పట్టుకుంది. నార్త్ కరోలినాలో ఒక విశ్వవిద్యాలయం లైబ్రరీలో, ఎవరో మిషనరీ దొర తెచ్చుకున్న పెట్టెలో ఉందట. ప్రపంచంలో దొరికిన ప్రతి అదొక్కటే. నాలుగు పేజీల ఫోటోలు పెట్టారు. పితూరీ, అదే ఆ తిరుగుబాటు కథ, పాటలా రాసి ఉంది. పేజీల మీద తెలుగు అంకెలు ఒకటి, నాలుగు, ఐదు, ఎనిమిది. ఐదో పేజీ అడుగున "పేర్లు రాబోవు పుటయందు చూడవలెను" అని ఉంది. రాబోవు పుట లేదు.

మా జిల్లాలో ఒక చరిత్ర లెక్చరర్ గారు దీని మీద పుస్తకం రాస్తూ "మిగతా పేజీలు నశించినవి" అని తేల్చేశారు. నేను ఫోటోలు చూశాను. ఒకటో పేజీలో పురుగు కొట్టిన చిల్లు ఒకటుంది. నాలుగో పేజీలో సరిగ్గా అక్కడే, అద్దంలో చూసినట్టు, అదే చిల్లు. అంటే ఒకటో పేజీ వీపున నాలుగో పేజీ ఉంది. ఆయనకి ఫోన్ చేసి, "ఏవండీ, ఒకటో పేజీ ఉంటే దాని వెనకాల రెండో పేజీ ఎక్కడికి పోతుందండీ?" అని అడిగాను. "కంపోజిటర్ల అజాగ్రత్త అమ్మా. ఇవి పరిశోధకులు చూసుకునే విషయాలు" అన్నారు. ఒళ్ళు మండిపోయింది.

మీరూ ఒక కాగితం తీసుకుని రెండుసార్లు మడవండి. అంచు కోయకండి. పైకి కనిపించేవి నాలుగే వైపులు, ఒకటి, నాలుగు, ఐదు, ఎనిమిది. మిగతా నాలుగూ లోపలే ఉంటాయి. లైబ్రరీకి రాయించాను. వస్తువు నాజూకుది, స్వయంగా వస్తే చూపిస్తామని జవాబిచ్చారు. సరే, వస్తానన్నాను.

జెర్సీ సిటీ

స్వాతి ఫ్లాట్ ముప్పై ఒకటో అంతస్తులో ఉంది. కిటికీలోంచి చూస్తే నది, అవతల మాన్‌హాటన్. లిఫ్ట్‌లో రోజూ అవే ముఖాలు కనిపిస్తాయి, అందరూ నవ్వుతారు, ఎవరూ మాట్లాడరు. గోదావరి పాసింజర్‌లో అయితే రెండు స్టేషన్లు దాటేలోపు ఎదుటివాడికి బీపీ ఎంతో, అల్లుడు ఎలాంటివాడో తెలిసిపోతుంది. ఇక్కడ మూడు రోజులకి నాకు తెలిసింది ఒక కుక్క పేరు మాత్రమే.

స్వాతి నన్ను ట్రైన్‌లో అవతలి ఒడ్డుకి తీసుకెళ్ళి కాఫీ ఇప్పించింది. ఆరు డాలర్లు. రూపాయల్లోకి మార్చొద్దని ముందే ఒట్టు వేయించుకుంది. మార్చలేదు గానీ, చివరి చుక్క దాకా తాగి కప్పు అడుగు కూడా చూశాను.

"పిన్నీ, ఒకటి అడుగుతాను, తిట్టకు" అంది బెంచీ మీద కూర్చున్నాక. "లోపల పేజీలున్నాయే అనుకో. అందులో మీ తాతగారి పేరే పట్టిచ్చినవాడని ఉంటే?"

ఆ మాట నాలుగేళ్ళుగా నన్ను నేను అడుగుతున్నదే. పైకి మాత్రం, "ఉంటే ఉండనీ. అచ్చులో చూసి అప్పుడు తిడతాను" అన్నాను.

"నిజం చెప్పు పిన్నీ."

"భయంగానే ఉందే. మా అన్నయ్యకి, అదే మీ మావయ్యకి, డెబ్భై ఎనిమిదేళ్ళు. వెళ్ళొద్దని వారం రోజులు నాతో మాట్లాడలేదు. తెలియకపోతే అనుమానమే, తెలిస్తే నిజమవుతుంది అన్నాడు. కానీ నాకొక్కటే. తాత కాకపోతే ఎవరో తెలియాలి. ఆ ఇంటి గుమ్మం ముందు ఒక్కసారి డప్పు ఆపించాలి."

 స్వాతికి ఆఫీస్‌లో లీవ్ దొరకలేదు కాబట్టి ఆ లైబ్రరీకి దగ్గర్లో క్యారీలో ఉన్న తన స్నేహితురాలు మమతకి నన్ను అప్పగిస్తూ ఫ్లైట్ బుక్ చేసింది. విమానాశ్రయంలో నా చేతిసంచిలోని మడత పుల్ల దగ్గర చిన్న రాద్ధాంతం జరిగింది. గేదె కొమ్ముతో చేసింది, జానెడు ఉంటుంది, మడతని నొక్కడానికి వాడతాం. ఒక అధికారి దాన్ని కత్తన్నాడు, ఇంకొకాయన వీపు గోక్కునేదన్నాడు. నేను టికెట్ తీసి మడిచి, పుల్లతో ఒక్కసారి రాసి చూపించాను. మడత చూసి ముచ్చటపడి ఇద్దరూ పొమ్మన్నారు.

క్యారీ

మమతది వరంగల్. ఇక్కడ మందుల కంపెనీకి సాఫ్ట్‌వేర్ రాస్తుంది. కారు దిగకుండానే నన్ను పెద్దమ్మా అని పిలిచింది, ఇంటికి చేరేలోపు తన గ్రీన్ కార్డ్ గొడవంతా చెప్పేసింది. లిఫ్ట్‌లోని మౌనానికి అది మంచి విరుగుడు.

క్యారీలో చెట్లు ఎక్కువ, మనుషులు తక్కువ. మర్నాడు పొద్దున్నే అలవాటు కొద్దీ నడకకి బయల్దేరాను. రోడ్డు పక్కన నడుస్తున్నది నేనొక్కదాన్నే. పది నిమిషాల్లో మూడు కార్లు ఆగాయి. మూడో కారులో తెల్లజుట్టు ఆవిడ అద్దం దించి నేను బాగానే ఉన్నానా, తప్పిపోయానా అని అడిగింది. నడుస్తున్నానని చేతులూపి చెప్పాను. ఆవిడకి నమ్మకం కుదరక, నేను మమత ఇంటి మలుపు తిరిగేదాకా కారు మెల్లగా నా వెనకే నడిపించింది. మా ఊళ్ళో నడిచే మనిషి వెనక కారు అలా వస్తే జనం పోగయ్యేవారు. ఇక్కడ అది మర్యాదట.

చదువుకునే గది

లైబ్రరీలో ఆ గదికి వెళ్ళేముందు సంచి బయటే పెట్టించారు, పెన్ను తీసేసుకున్నారు, పెన్సిల్ ఇచ్చారు. చేతులు కడుక్కోమన్నారు. ఇక్కడే నా పరువు పోయింది. ఆ పొద్దున మమత ఇంట్లో మాగాయతో పెరుగన్నం తిన్నాను. నాలుగుసార్లు సబ్బు రుద్దినా వేళ్ళ పసుపు పోలేదు, వాసన అంతకన్నా పోలేదు. బల్ల దగ్గరాయన నా చేతుల్ని చూసి సబ్బుసీసా నా వైపు జరిపాడు. ఐదోసారి కడిగాను.

బూడిదరంగు అట్టలోంచి పుస్తకం తీసి మెత్తటి దిండు మీద పెట్టాడు. అరచేయంత ఉంది. ఇంత చిన్నదాని కోసమా ఇన్ని వేల మైళ్ళు అనిపించింది. వేలి కొనతో అంచు పట్టుకున్నాను. చెప్పాలా, ముప్పై నాలుగేళ్ళ వేళ్ళవి. ఒక్క కాగితమా రెండా అన్నది నిద్రలో కూడా చెబుతాయి.

"మమతా, రెండు పొరలున్నాయి. అంచులు జిగురుతో అతికించేశారు. మైదా జిగురు" అన్నాను.

ఆమె ఇంగ్లీషులో చెప్పింది. ఆయన కంప్యూటర్‌లో చూసి, కేటలాగులో రెండాకులు, నాలుగు పేజీలనే ఉందన్నాడు.

"కేటలాగు రాసినవాళ్ళకి తెలుగు అంకెలు రావని చెప్పు."

"పెద్దమ్మా, గట్ల చెప్తే ఫీలయితరు. నేను పాలిష్‌గ చెప్త" అంది. ఏం చెప్పిందో గానీ ఆయన నవ్వాడు. దీపపు పలక మీద పెట్టి చూడమని అడిగాను. అద్దంలాంటి పలక తెచ్చి వెలిగించి, పుస్తకం ఆకుని దాని మీద ఆనించాడు. నాలుగో పేజీ అక్షరాల వెనకాల, మసకగా, తిరగబడిన ఇంకో వరస అక్షరాలు తేలాయి. ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ చూశాడు. ఫోన్ ఎత్తి ఎవరినో పిలిచాడు. 

ఎలెన్ బల్ల

వచ్చినావిడ పేరు ఎలెన్. పాత పుస్తకాలకి మరమ్మతు చేసే విభాగం ఆమెది. నా వయసే ఉంటుంది, నా బొటనవేలి గోరు లాగే ఆమెదీ అరిగి ఉంది. నాకెలా తెలిసిందని అడిగింది. మాటలెందుకని ఒక తెల్లకాగితం అడిగి, రెండుసార్లు మడిచి, పెన్సిల్‌తో పేజీల అంకెలు వేసి, విప్పి బల్ల మీద పరిచాను. మూడు నిమిషాల పని. ఎలెన్ గట్టిగా నవ్వేసింది. ఆ గదిలో నవ్వకూడదని బోర్డు లేదు గానీ అందరూ తిరిగి చూశారు.

అయితే విప్పడానికి పైవాళ్ళ అనుమతి కావాలట. మామూలుగా కొన్ని వారాలు పడుతుందట. నా విమానం ఆదివారం సాయంత్రం, అట్లాంటా నుంచి. ఆ రోజు బుధవారం. ఎలెన్ నా కాగితాన్ని చేతిలో పట్టుకుని పైకి వెళ్ళింది. ఆ రెండు రోజులూ నేను మమత ఇంట్లో చిక్కుడుకాయలు ఒలిచాను, బట్టలు మడిచాను, టవళ్ళు మడిచాను, మడిచినవే విప్పి మళ్ళీ మడిచాను. గురువారం సాయంత్రం మమత ఫోన్ చూసి కేక వేసింది. "పెద్దమ్మా! అప్రూవ్ అయింది! రేపు రెండు గంటలకు రమ్మన్నరు!"

ఎలెన్ బల్ల మీద కుంచెలు, తడి పీల్చే అద్దుడు కాగితాలు, ఒక ఎముక పుల్ల. నేను సంచిలోంచి నా కొమ్ము పుల్ల తీసి పక్కన పెట్టాను. అదే కొలత, అదే వంపు. ఆమె నా పుల్ల చేతిలోకి తీసుకుని బరువు చూసింది, నేను ఆమెది చూశాను. ఒకరి భాష ఒకరికి రాదు, అయినా ఆ కాసేపూ మమతకి పని లేకపోయింది.

మైదా జిగురు తడికే లొంగుతుందని నేనన్నాను, తానూ అదే అనుకున్నానంది. తడిపిన అద్దుడు కాగితం అంచున వేసి, చాలాసేపు ఆగి, పుల్ల మొన దూర్చింది. పక్క అంచు విడింది, కింద అంచు విడింది. పై మడత మాత్రం కోయనంది. అది అలాగే ఉంటేనే ఇది ఎలా దాచారో రేపటివాళ్ళకి తెలుస్తుందట. మా ప్రెస్సులో అయితే చర్రున కోసేసేదాన్ని. ఇక్కడ ఆమె మాట నెగ్గింది, నెగ్గడమే న్యాయం. సంచీ మూతి విప్పినట్టు ఆకుని కొంచెం కొంచెం తెరిచి పట్టుకుంది. నేను వంగి చదివాను.

రెండు, మూడు పేజీల్లో కాల్పుల సంగతి. ఎక్కడ, ఏ వాగు దగ్గర, నీళ్ళకి వెళ్ళినవాళ్ళని ఎలా కాల్చారో ఉంది. పైకి పాటలు, లోపల ఇది. పోలీసు కంటపడినా పాటల పుస్తకమనుకుని వదిలేయాలని అతికించి ఉంటారని నా ఊహ. ఆరో పేజీ నుంచి పేర్లు, పోయినవాళ్ళవీ, దెబ్బలు తిన్నవాళ్ళవీ.  మమత నా భుజం మీద చెయ్యి వేసింది. ఏడో పేజీలో మూడో వరస:

"టపా మోయు సింహాద్రి. పదునొకండు దినములు ఠాణాలో కొట్టిరి. కుడిచేతి వ్రేళ్ళు విరిచిరి. కొండదారి చెప్పలేదు."

రెండోసారి చదవలేకపోయాను. ఎడమ చేత్తో తింటాడని నవ్విన ఊరు! పదకొండో రోజున ఎందుకు వదిలారా అని లెక్కలు వేసిన ఊరు! ఆ ముసలాయన నోరు విప్పి ఒక్క మాట చెప్పుకోలేదు. నేను ఏడ్చాను, సిగ్గులేకుండా, చప్పుడు చేస్తూ ఏడ్చాను. మమత ఇంగ్లీషులో చెబితే విన్న ఎలెన్ రెండు చేతులతో పుస్తకం పట్టుకుని ఉండడం వల్ల కదలలేక, కళ్ళనిండా నీళ్ళతో అలాగే నిలబడింది. పుస్తకం మీద పడకుండా మమత ఆమె చెంప తుడిచింది.

పేజీ అడుగున ఇంకా నాలుగు వాక్యాలున్నాయి. పట్టిచ్చినవాడి సంగతి. ముక్కు చీదుకుని ఆత్రంగా చదివాను.

"పట్టి యిచ్చినవాని పేరు మాకు తెలియును. వాని పిల్లలు పసివారు. ఈ ఊరనే బ్రతుకవలసినవారు. కావున అచ్చు వేయలేదు."

అంతే. గెలిచిన సంతోషంలో కూడా నాకు కోపమొచ్చింది. ఇంత దూరం వస్తే పేరు చెప్పరా?

దారిలో ఉడకబెట్టిన వేరుశనగకాయలు

శనివారం మమత నన్ను కారులో అట్లాంటా పక్కనున్న కమ్మింగ్‌కి తీసుకెళ్ళింది. ఆరున్నర గంటల దారి. అక్కడ తన అన్న వేణు ఇల్లుంది, మర్నాడు నన్ను అక్కడి నుంచి విమానం ఎక్కిస్తారు. ఎలెన్ తీసిచ్చిన లోపలి పేజీల ఫోటోలు నా ఒళ్ళో ఉన్నాయి. నేను పేరు గురించే గొణుగుతున్నాను.

"పెద్దమ్మా, సింపుల్. లిస్ట్‌ల ఉన్నోళ్ళ ఇంటిపేర్లన్నీ కొట్టేయ్. అప్పటి ఊర్ల ఎన్ని ఇండ్లున్నయో నీకు ఎరుకనే కద. ఎలిమినేట్ చేస్తే మిగిలినోడే" అంది మమత. సాఫ్ట్‌వేర్ బుర్ర.

నాకా మాట బెల్లంలా అనిపించింది. కాగితం, పెన్సిల్ తీశాను. పాత ఊరు నాకు ఇల్లిల్లూ తెలుసు. ఒక్కొక్కటే కొట్టేసుకుంటూ వచ్చాను. సౌత్ కరోలినా వచ్చేసరికి ఐదిళ్ళు మిగిలాయి. ఇంకాస్త దూరం పోయేసరికి రెండు.

అప్పుడే రోడ్డు పక్కన ఒక పెద్ద కాగు, దాని మీద ఆవిరి, "బాయిల్డ్ పీనట్స్" అని బోర్డు కనిపించాయి. ఆపమని అరిచాను. అమెరికా వచ్చి అన్నీ చూశాను గానీ ఉప్పునీళ్ళలో ఉడికిన వేరుశనగకాయలు కనిపిస్తాయని కలలో కూడా అనుకోలేదు. అమ్మే ఆయన పొడుగాటి నల్లజాతి ముసలాయన, గడ్డి టోపీ పెట్టుకున్నాడు. సంచీ ఐదు డాలర్లు. మా వైపు అయితే దోసెడు పది రూపాయలు, పైన కొసరు. నేను ఒక కాయ నొక్కి, నీళ్ళు పీల్చి, గింజ నోట్లో వేసుకున్న తీరు చూసి ఆయన ఆనందపడిపోయాడు. ఎక్కడ నేర్చుకున్నావని అడిగాడు. అది నేర్చుకునే విద్యా? అడక్కుండానే ఇంకో గరిటెడు వేశాడు. కొసరు అన్నది ఇక్కడా ఉందన్నమాట.

కారు బానెట్‌కి ఆనుకుని తింటూ చేతిలో కాగితం చూసుకున్నాను. మిగిలిన రెండిళ్ళలో ఒకటి నూకరత్నం వాళ్ళది. బడిలో నా పక్కన ఎవరూ కూర్చోకపోతే వాళ్ళమ్మ తిట్టినా వినకుండా వచ్చి కూర్చున్న పిల్ల నూకరత్నం. పలక మీద ఉమ్మేసి నాది కూడా తుడిచి పెట్టేది.

కాయ ఒలవడం ఆపేశాను. ఆ రెండిట్లో ఒకటి కూడా కొట్టేస్తే ఏమవుతుంది? నాకు తెలుస్తుంది. తెలిశాక నేను ఊరుకునే రకం కాదు, అది నాకు బాగా తెలుసు. నూకరత్నానికి మనవరాలుంది, పదో తరగతి చదువుతోంది. కాకపోతే ఆ రెండో ఇంట్లో ఇంకో పిల్ల ఉంటుంది. పుస్తకం వేసినవాళ్ళు తూటాలు తిన్నవాళ్ళు, అన్నదమ్ముల్ని పోగొట్టుకున్నవాళ్ళు. వాళ్ళకి లేని పంతం నాకెందుకు?

కాగితాన్ని పొట్లంలా చుట్టి తొక్కలు అందులో వేశాను. మమత చూసింది. "అయ్యో, ఇంక ఒక్కటే స్టెప్ ఉండె కద పెద్దమ్మా" అంది.

"అందుకే" అన్నాను.

కమ్మింగ్

ఆదివారం పొద్దున వేణు ఇంటి నిండా జనం. తెలుగువాళ్ళు ఎవరింట్లో టిఫిన్ అన్నా చాలు, సందు చివరి దాకా కార్లే. ఇడ్లీ, అల్లప్పచ్చడి, ఉప్మా, మధ్యలో ఎవరో తెచ్చిన డోనట్లు. గుంటూరువాళ్ళు, నల్గొండవాళ్ళు, శ్రీకాకుళంవాళ్ళు, ఒకే రకం ప్లేట్లు పట్టుకుని పచ్చడి గురించి పోట్లాడుకుంటున్నారు. పిల్లలు నన్ను చూసి "హాయ్ ఆంటీ" అని పరిగెడుతున్నారు.

పదిగంటలకి అన్నయ్యకి వీడియో కాల్. మా ఊళ్ళో రాత్రి భోజనాల ముందు వేళ. ముందు రోజు ఫోన్‌లో "అంతా మంచే, రేపు చెబుతాను, ఊళ్ళో పెద్దల్ని పిలు" అని మాత్రమే అన్నాను. వస్తారో రారో అనుకున్నాను. టీవీ తెర మీద బొమ్మ వచ్చేసరికి మా వసారా కిక్కిరిసి ఉంది. సగం మంది వినడానికి వచ్చారు, సగం మంది మా తాత పేరు బయటపడితే చూద్దామని వచ్చారు. అన్నయ్య ఇస్త్రీ చొక్కా వేసుకుని స్తంభానికి ఆనుకుని నిలబడ్డాడు. ముఖం పాలిపోయి ఉంది.

"సెప్పమ్మా. ఏదైనా సరే, దాయకు" అన్నాడు.

నేను చదివాను. వాగు దగ్గర పోయినవాళ్ళ పేర్లు ముందు. ఒక్కో పేరుకీ వసారాలో ఎవరో ఒకరు "మా ముత్తాతే", "మా పెదతాతే" అంటున్నారు. ఇక్కడ కమ్మింగ్‌లో ప్లేట్ల చప్పుడు ఆగిపోయింది. ఎవరు మొదలెట్టారో గానీ ఒక్కొక్కరే లేచి నిలబడ్డారు. పిల్లలు కూడా, ఎందుకో తెలియకపోయినా, నిలబడ్డారు. ఏడో పేజీ మూడో వరసకి వచ్చాను. గొంతు సవరించుకుని, మా తాత పేరు నా జీవితంలో మొదటిసారి పెద్దగా, నలుగురిలో, తల ఎత్తి చదివాను. కొండదారి చెప్పలేదు అన్న చోట ఆగి, మళ్ళీ చదివాను.

అన్నయ్య తన కుడిచెయ్యి ముఖానికి ఎదురుగా పెట్టుకుని, వేళ్ళు చాచి, ముడిచి, చాచి చూసుకున్నాడు. తరవాత తువ్వాలులో ముఖం దాచుకున్నాడు. వసారాలో ఎవరో చప్పట్లు కొట్టారు, అది పెరిగింది, ఇటు కమ్మింగ్‌లోనూ అందుకున్నారు. రెండు దేశాల చప్పట్లు ఒకేసారి. నాకు పట్టరాని గర్వం వేసింది. దాచుకోను, చాలా గర్వం వేసింది.

చప్పట్లు సద్దుమణిగాక వెనక వరసలోంచి ఒక పెద్దాయన గొంతు, "మరైతే పట్టిచ్చినోడెవడమ్మా? రాసుందా?" అంది.

 ఆ గుంపులో ఏ మూలనో నూకరత్నం కూడా ఉంది. నేను ఆ నాలుగు వాక్యాలూ చదివాను.  ఒకరి ముఖాలు ఒకరు చూసుకోవడం మొదలైంది. లెక్కలు మొదలవుతాయని నాకు తెలిసిపోయింది. నేను నోరు తెరిచేలోపే అన్నయ్య తువ్వాలు భుజాన వేసుకుని గుంపు వైపు తిరిగాడు.

"నూరేళ్ళు ఆ కాళీ జాగాలో మా తాత పేరెట్టినారు" అన్నాడు. "ఇయాల తీసేసినారు. మరింకెవల పేరూ అందులో ఎట్టకండి. కూకోండి, టీలు సల్లారిపోతన్నాయి."

 ఆ తరవాత అడిగిన పెద్దాయనే ముందుగా చెయ్యి చాపి గ్లాసు అందుకున్నాడు. మా ఇంట్లో ఊరివాళ్ళు టీ తాగడం నేను పుట్టాక అదే మొదటిసారి. ఇటు టీవీ ముందు నిలబడి, వాళ్ళందరూ ఊదుకుంటూ ఆఖరి గుటక వరకూ తాగడం నేను చూశాను.